మోటరు నడుస్తుండగా పట్టిన సంకేతాలు

మా స్టాఫ్ రూములో ఫ్యాన్లు రెండు. ఒకటి తలుపు దగ్గర తిరుగుతుంది, దాని గాలి ఎవరికీ తగలదు. రెండోది సరిగ్గా లెక్కల సారు కుర్చీ నెత్తిమీద తిరుగుతుంది. ఆత్మకూరులో ఏప్రిల్ ఎండ ఎరిగినవాళ్ళకు ఈ మాట చాలు, నా బాధ సగం అర్థమైపోతుంది. పన్నెండేళ్ళుగా అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతున్న నాకేమో తలుపు దగ్గర బల్ల. నిన్నగాక మొన్న వచ్చి స్టాటిస్టిక్స్ చెబుతున్న అతనికి ఫ్యాను కింద బల్ల. అతను అడిగి వేయించుకోలేదు. ఆ బల్ల ఖాళీ అయిన వారం నేను సెలవులో ఉన్నాను, అతను కొత్తగా చేరాడు, చూపించారు, కూర్చున్నాడు. ఇదంతా నాకూ తెలుసు. తెలిస్తే కడుపుమంట చల్లారుతుందా?

కుళ్ళంటే ఏమిటో నాకు నలభై రెండో ఏట తెలిసింది. అంతకుముందు తోడికోడలి నగల మీదా, చెల్లెలి జడ మీదా పడ్డవన్నీ ఉత్త సరదాలు. అసలైన కుళ్ళుకు అన్నం సయించదు. ఒక మనిషి బాగా చేసిన పనిని రెండోసారీ మూడోసారీ చదివి, ఇందులో ఎక్కడైనా తప్పు దొరికేటట్టు చూడు స్వామీ అని మొక్కుకోవాలనిపిస్తుంది. నేను మొక్కుకున్నాను కూడా.

ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీకి చేరి అప్పటికి ఐదేళ్ళు దాటింది. మా గైడు నెల్లూరులో ఉంటారు. ఆ ఏడాదితో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. అంతలోపల నా పేరు మొదట ఉన్న పేపరు ఒకటి అచ్చు కావాలి. మొదటి పేరు నాది కాకపోతే థీసిస్ తీసుకోరు. నా ఐదేళ్ళూ ఆ ఒక్క పేపరు మీద వేలాడుతున్నాయి.

నేను ఎంచుకున్న విషయం చెప్పడానికి తేలిక. మామూలు రేడియో సంకేతం ఒకచోట నిలబడి గట్టిగా అరుస్తుంది, వెతికితే దొరుకుతుంది. స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అనే రకం ఉన్న శక్తినంతా చాలా వెడల్పున పలచగా పరిచేస్తుంది. గుప్పెడు పసుపు ఎకరా చేని మీద చల్లితే ఎక్కడుందో కనబడుతుందా? ఇదీ అంతే, గాలిలో ఎప్పుడూ ఉండే రేడియో గరగరలో కలిసిపోతుంది. నేను తీసుకున్నవి ఇందులో రెండు రకాలు. ఒకటి సంకేతాన్ని సన్నగా తరిగి ఆ వెడల్పంతా ఒకేసారి పరుస్తుంది. రెండోది ఒక ఫ్రీక్వెన్సీ మీద నిలవకుండా ఇంకోదాని మీదికి, అక్కణ్ణించి మరోదాని మీదికి గెంతుతూ పోతుంది. పరిచేది, గెంతేది అని నేను వాటికి ముద్దుపేర్లు పెట్టుకున్నాను. గాలిలో ఉన్నది ఏ రకమో, దాని రహస్య కోడు తెలియకుండానే, కేవలం లెక్కల్లో దాని నడవడిని బట్టి చెప్పగలగాలి. అదీ నా పని.

దానికి నా దగ్గర ఉన్న ఉపాయం పాతదే. ఉత్త గరగరలో ఈ క్షణానికీ కాసేపటి తర్వాత క్షణానికీ సంబంధం ఉండదు. మనిషి పంపిన సంకేతం ఎంత పలచబడినా, ఏదో ఒక వ్యవధి తర్వాత మళ్ళీ తనలాగే ఉంటుంది. రికార్డింగును చిన్నచిన్న తునకలు చేసి, ప్రతి తునకలో ఈ పోలికను కొలిచి, ఆ కొలతలు ఏ వ్యవధి దగ్గర ఎక్కువగా ఊగుతున్నాయో చూడాలి. దాగినది అక్కడ దొరికిపోతుంది. అన్నీ నా కంటితో చూసి తేల్చాల్సినవి, నిదానం పని. నా పద్ధతి పదింటికి ఏడు సరిగ్గా చెప్పేది. అదే నా ఆస్తి.

రికార్డింగులన్నీ నేనే తీశాను. సంకేతాలు పంపే చిన్న డబ్బాలు రెండు తయారు చేసుకున్నాను. పరిచే డబ్బాను కాలేజీ ల్యాబులో పెట్టి, అక్కడే క్లాసులయ్యాక దాని సంకేతాన్ని ల్యాప్‌టాప్‌లోకి పట్టుకునేదాన్ని. గెంతే డబ్బాను ఉదయగిరి అవతల మా ఊళ్ళో, నాయన నిమ్మతోటలో, బోరు మోటరు షెడ్డులో బిగించాను. ఇంటి దగ్గర మీట నొక్కితే తోటలో మోటరు ఆగేటట్టు, తిరిగేటట్టు చేయొచ్చని నాయనకు ఆశపెట్టి ఒప్పించాను.

"ఏందమ్మా ఈ డబ్బా? మోటరు ఈడనే ఉండాది, స్విచ్చి ఈడనే ఉండాది, నేనూ ఈడనే ఉండాను. మజ్జెలో రేడియో దేనికి?" అన్నాడు నాయన. అన్నాడేగానీ బిగించనిచ్చాడు. డబ్బాకు కరెంటు మోటరు స్టార్టరు నుంచే తీశాను. త్రీఫేజు కరెంటు వచ్చిన నిమిషమే నాయన మోటరు వేసేస్తాడు. మా వైపు వచ్చిన కరెంటును ఊరికే పోనిచ్చే రైతు ఎవడూ లేడు. కరెంటున్న గంటల్లో మోటరు ఒకవైపు, నా డబ్బా ఒకవైపు పనిచేసేవి. నేను గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పట్టుకునేదాన్ని.

ప్రతి రికార్డింగు వివరం ఒక నీలం అట్ట లాంగ్ నోటుబుక్కులో రాసేదాన్ని. తేదీ, వేళ, చోటు, వాన ఉందా ఎండ ఉందా, చుట్టుపక్కల ఏమేం నడుస్తున్నాయి, అన్నీ గళ్ళు గీసి నింపాను. చివరి పేజీల సంగతి కాసేపాగి చెబుతాను.

లెక్కల సారుది కలిగిరి. వాళ్ళది తరతరాలుగా హోల్‌సేల్ అంగడి. అతనొక్కడే చదువుల్లో పడ్డాడు. నాకంటే పదేళ్ళు చిన్న. మనిషి నెమ్మది, చొక్కా ఎప్పుడూ నలగదు, మాట ఎప్పుడూ పెరగదు. ఇవి కూడా నా కళ్ళకు నేరాలే. మా గైడు ఒకసారి కాలేజీకి వచ్చినప్పుడు ఇతని పాఠం విని ముచ్చటపడిపోయారు. "మీ లెక్కల భాగం కొంచెం బలహీనంగా ఉందమ్మా, ఆ అబ్బాయి సాయం తీసుకోండి. ఇద్దరి పేర్లతో పేపరు వేద్దాం," అన్నారు. బలహీనంగా ఉందన్న మాట నిజమే. అందుకే అంత గుచ్చుకుంది. రికార్డింగులన్నీ ఒక డిస్కులో వేసి అతనికిచ్చాను. నోటుబుక్కు ఇవ్వలేదు.

ఆరు వారాలకే అతను తన పద్ధతి తయారు చేసుకొచ్చాడు. నాలాగా ఒక్క పోలికనే పట్టుకుని కూర్చోలేదు. ప్రతి తునకకూ డజను కొలతలు తీశాడు. విలువలు ఎంత చెదిరి ఉన్నాయి, ఒకవైపు ఎంత ఒరిగి ఉన్నాయి, మధ్యమధ్య ఎంత ఎత్తుకు ఎగసిపడుతున్నాయి, ఇట్లాంటివన్నీ. ఆ చివరిదాన్ని కర్టోసిస్ అంటారు. ఈ కొలతలన్నీ ఒక ప్రోగ్రాముకు అప్పజెప్పి, ఇవి పరిచేవి, ఇవి గెంతేవి, తేడా నువ్వే నేర్చుకో అని వదిలాడు. అది నేర్చుకుంది. పక్కకు తీసిపెట్టిన రికార్డింగులు చూపిస్తే వందకు రెండో మూడో తప్ప అన్నీ సరిగ్గా చెప్పింది.

గైడు ఫోనులో నవ్వారు. "చూశారామ్మా? ఆరు వారాలు!" అన్నారు. ఐదేళ్ళు అనలేదు. నాకు మాత్రం ఐదేళ్ళు అనే వినబడింది.

ఆ రోజు నుంచి నేను మనిషిని కాదు. అతను టిఫిన్ డబ్బా మూత తీసిన చప్పుడుకే ఒళ్ళు మండేది. పిల్లలు అతని క్లాసులో నవ్వితే, నా క్లాసులో ఎందుకు నవ్వరని లెక్కలు వేసుకునేదాన్ని. ఇంట్లో మా ఆయన ఒకరోజు కంచం ముందు కూర్చుని, "ఆ సారు మాట ఎత్తకుండా మనం అన్నం తిన్న రోజుండాదా ఈ మధ్య? ఇట్టా నన్ను కూడా ఎప్పుడూ తల్చుకోలేదే నువ్వు," అన్నాడు. నవ్వడానికే అన్నాడు. నేను గరిటె గిన్నెలోకి విసిరి లేచిపోయాను.

ఇక నోటుబుక్కు చివరి పేజీలు. అతని పని చదువుతూ కనిపించిన తప్పులన్నీ అక్కడ నంబర్లు వేసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకటి, గ్రాఫులో యూనిట్లు రాయలేదు. రెండు, ఒక స్పెల్లింగు. మూడు, గెంతేవాటికి పొడుగు తునకలూ పరిచేవాటికి పొట్టి తునకలూ తీశాడు, తునక పొడుగు మారితే కొలతలు ఊగే తీరు కూడా మారుతుంది కదా, రెండిటినీ ఎలా పోలుస్తాడు? నాలుగు, నన్ను అడక్కుండా గైడుకు మెయిల్ పెట్టాడు. ఐదు, ఫ్యాను. ఇలా సాగింది. మూడోది నిజంగా పెద్ద తప్పు. అది నాకు తెలుసు. అతనికి మాత్రం చెప్పలేదు. వేళ వచ్చినప్పుడు వాడుకుందామని దాచుకున్నాను.

ఒక మధ్యాహ్నం అతనే నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, రికార్డింగులు తీసేటప్పుడు చుట్టుపక్కల ఏమేం నడస్తా ఉండాయో రాసుకున్నారా? ఏ వేళప్పుడు తీసినారు, దగ్గర్లో మోటర్లు గీటర్లు ఏమన్నా ఉండాయా, అట్టాంటివి?"

"దేనికి సార్?"

"ఊరికేనే. ఫలితం ఇంత బాగా రావడం నాకే నమ్మకంగా లేదు. మా అంగట్లో బస్తా దించేముందు ఏ ఊరి సరుకో అడగతాము మేడం. తూకం తర్వాత సంగతి."

నీలం నోటుబుక్కు నా మోచేతి కిందే ఉంది. అతను అడిగినదంతా అందులో ఉంది. ఇస్తే తన పద్ధతిని ఇంకా గట్టి చేసుకుంటాడు, గట్టి చేసుకుంటే మొదటి పేరు అతనిదే. నాకు తోచింది ఇంతే. అందులో ఏముందో నేనే సరిగ్గా చూసుకోలేదు.

"లేదు సార్. అవన్నీ ఏం రాసుకోలేదు," అన్నాను.

"అట్టనా," అని వెళ్ళిపోయాడు. అతను ఫ్యాను కిందికి చేరేలోపే చివరి పేజీ తీసి తొమ్మిదో నంబరు వేశాను. చుట్టూ ఏం నడిచిందని అడిగాడు, రాసుకోలేదని చెప్పాను, అని రాసి పక్కన 'భలే' అని కూడా రాసుకున్నాను. అప్పటి నా బుద్ధి అది.

గైడు ఒక తీర్మానం చేశారు. నెలాఖరుకు ఇద్దరూ నెల్లూరు వచ్చి ఎవరి పద్ధతిని వాళ్ళు వివరించాలి. ఏ పద్ధతి నిలిస్తే ఆ పద్ధతి వాళ్ళ పేరు మొదట. పదింటికి ఏడు ఒకవైపు, వందకు తొంభై ఏడు ఒకవైపు. ఏది నిలుస్తుందో వేరే చెప్పాలా? నా థీసిస్ అట్టతో సహా కళ్ళముందే పోయినట్టనిపించింది.

అంతలో మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

నేను ఆదివారం వెళ్ళేసరికి నాలుగు రోజులుగా తోటకు నీళ్ళు లేవు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం నాయన రోజూ ఉదయగిరి కరెంటాఫీసు మెట్లు ఎక్కి దిగుతున్నాడు. నాకు ఇంకో పది గెంతే రికార్డింగులు కావాలి, డబ్బాకేమో కరెంటు లేదు. ట్రాక్టరు బ్యాటరీ విప్పించి, డబ్బాకు తగిలించి, మోటరు చప్పుడు లేని ఆ తోటలో మొదటిసారి పట్టుకున్నాను. గట్టు మీదే కూర్చుని నా పద్ధతి మీద వేసి చూశాను. ఎప్పటిలాగే పదింటికి ఏడు. తర్వాత అతను నాకూ ఒక కాపీ ఇచ్చిన తన ప్రోగ్రాముకు ఇచ్చాను. పదీ తప్పు చెప్పింది. పదింటినీ పరిచేవే అంది.

డబ్బా పాడైందేమోనని మళ్ళీ పట్టి చూశాను. మళ్ళీ పదీ తప్పే. అప్పుడు నోటుబుక్కు తెరిచి, రెండేళ్ళలో మొదటిసారి, చుట్టుపక్కల ఏం నడుస్తున్నాయి అన్న గడి మీద పై నుంచి కిందికి వేలు పెట్టి చదివాను. గెంతే సంకేతాల పేజీల్లో ప్రతి వరసలోనూ 'మోటరు నడుస్తోంది'. పరిచే సంకేతాల పేజీల్లో ప్రతి వరసలోనూ 'ఏమీ లేదు'. ఒక్కటంటే ఒక్క వరస తేడా లేదు. మోటరు తిరుగుతున్నప్పుడు ఎక్కడో నిప్పురవ్వలు లేచి రికార్డింగులో టపటపమని ఎగసిపడుతున్నాయి. అతని ప్రోగ్రాము ఇన్నాళ్ళూ పట్టుకున్నది ఆ ఎగసిపడటాన్నే. సంకేతం ఏ రకమో అది ఒక్కసారి కూడా చెప్పలేదు. మా నాయన మోటరు వేశాడా లేదా అన్నది మాత్రం తప్పకుండా చెప్పింది.

నేను గట్టిగా నవ్వాను. ఒక్కదాన్నే, నిమ్మచెట్ల మధ్య నిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

నాయన గంప పట్టుకుని అటొచ్చాడు. ఆకులు ముడుచుకుపోయిన కొమ్మను ఒకదాన్ని పట్టుకుని నావైపు చూశాడు. "చెట్లు ఎండిపోతా ఉంటే నీకేం నవ్వొస్తా ఉందమ్మా?" అన్నాడు. ముఖం అటు తిప్పుకున్నాను. అయినా నవ్వు పూర్తిగా ఆగలేదు.

అతనికి ఫోను చేసి చెప్పొచ్చు. నెలాఖరుకు పదకొండు రోజులుంది, సరిదిద్దుకోవడానికి చాలినంత వ్యవధి. పదకొండు రోజులూ నేను అతనికి ఎదురుపడి 'గుడ్ మార్నింగ్ సార్' అన్నాను. అంత తియ్యగా ఎప్పుడూ అనలేదు.

నెల్లూరులో గైడు గదిలో మొదట అతను చెప్పాడు. బాగా చెప్పాడు. తర్వాత నేను లేచి నా పద్ధతి సంగతి రెండు ముక్కల్లో ముగించి, ట్రాక్టరు బ్యాటరీ రికార్డింగుల దగ్గరికి వచ్చాను. పదికి పదీ తప్పు. గైడు కుర్చీలో ముందుకు జరిగారు. రుజువు కావాలి కదా? నోటుబుక్కు పేజీలకు ఫోటో తీసి స్లైడులో పెట్టుకొచ్చాను. గోడ మీద ఇంతెత్తున పడింది. నా చేతిరాత, నా గళ్ళు, రెండేళ్ళ కిందటి తేదీలు, వరసగా మోటరు నడుస్తోంది, నడుస్తోంది, నడుస్తోంది. నేను కర్ర పెట్టి చూపిస్తూ పోయాను.

సగంలో అతని ముఖం చూశాను. గెలిచినవాళ్ళకు ఓడినవాళ్ళ ముఖం చూడాలనిపిస్తుంది, అందుకే చూశాను. అతను నా కర్ర చూపే గడిని చూడటం లేదు. ఆ తేదీలను చూస్తున్నాడు. తర్వాత మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. రాసుకోలేదని నేను చెప్పిన నోటుబుక్కును నా చేతులతో నేనే గోడకెక్కించానని నాకు అప్పుడు తట్టింది.

గైడు అతనివైపు తిరిగారు. "ఇంత మాత్రం ఎందుకు చూసుకోలేదయ్యా? ఎక్కడ, ఎప్పుడు తీసినవో మేడాన్ని అడగాల్సిన పని లేదా?"

ఒక్క మాట చాలు అతనికి. అడిగినాను సార్, లేదన్నారు. అంతే, నేను మునిగిపోతాను.

"అడగలేదు సార్. తప్పు నాదే," అన్నాడు.

మొదటి పేరు నాది అని తేలింది. గైడు నా భుజం తట్టారు. ఐదేళ్ళుగా ఆ క్షణం కోసం చూశాను. అది వచ్చినప్పుడు నా ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది.

ఆత్మకూరు బస్సులో ఇద్దరం ఒకే వరసలో కూర్చోవాల్సి వచ్చింది. సంగం దాటేదాకా ఓర్చుకుని అడిగేశాను. "ఎందుకు సార్ అట్టా చెప్పినారు?"

"ఇంకేం చెప్పమంటారు మేడం? సరుకు ఏ ఊరిదో తెలవకుండా తూకం వేసినాను. మీరు లేదన్నా నేను వేసి ఉండకూడదు," అన్నాడు. దెప్పుతున్నాడేమోనని వెతికాను. దెప్పు లేదు. కిటికీ పక్కకు తిరిగి నిద్రపోయాడు. నాకు అతని మీద అంతకుముందెన్నడూ లేనంత కోపం వచ్చింది. తిట్టి ఉంటే సరిపోయేది.

పేపరు కోసం రికార్డింగులన్నీ మళ్ళీ తీయాలని గైడు అన్నారు. అతనే ఒక పట్టిక గీశాడు. పరిచే డబ్బా తోటలోనూ, గెంతే డబ్బా ల్యాబులోనూ కూడా పెట్టాలి. తోటలో రెండిటినీ మోటరు నడుస్తున్నప్పుడూ ఆగినప్పుడూ పట్టాలి, ల్యాబు పక్కన కూడా ఒక మోటరు తిప్పి, ఆపి పట్టాలి. చోటూ మోటరూ అన్ని రకాలుగా కలిస్తే, ప్రోగ్రాముకు సంకేతాన్ని చూడటం తప్ప వేరే దారి ఉండదు. ఎంత తేలిక ఉపాయం! ఐదేళ్ళలో నాకు తట్టలేదే అని దానికీ ఏడ్చాను.

అప్పటికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అతను మా ఊరికి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచేముందు నాయన పక్కన గట్టు మీద కూర్చుని, "పెదనాయనా, మోటరు వేసినప్పుడు లైను మింద యాడన్నా నిప్పులు లేస్తాయా?" అని అడిగాడు.

"ఎందుకు లెయ్యవు? ఆ మూడో స్తంభం కాడ తీగె వదులుగా ఉండాది. మోటరు యేస్తే చాలు, చిటచిటా అంటాది. లైన్‌మన్‌కు చెప్పి చెప్పి నా నోరు పోయింది," అన్నాడు నాయన.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. "ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే నాయనా?"

"నువ్వు అడిగినావా?"

వెళ్ళేటప్పుడు నాయన అతనికి సంచెడు నిమ్మకాయలు ఏరి ఏరి కట్టించాడు. నాకు ఎప్పుడూ గంపలో అడుగున మిగిలినవే. బస్సు ఎక్కేదాకా ఆ సంచీనే చూశాను.

కొత్త రికార్డింగుల మీద అతని పద్ధతి పదింటికి తొమ్మిది దాకా నిలిచింది. నా పోలిక కొలతను కూడా అందులో చేర్చాడు, అది చేరాకే అంత నిలిచింది. పేపరు మొత్తం అతనే రాసి, దిద్దమని నాకు పంపాడు. మొదట నా పేరు, తర్వాత అతని పేరు. మధ్యలో పాత రికార్డింగులు ఎందుకు పనికిరాలేదో వివరించే చోట ఒక వాక్యం ఉంది. రికార్డింగులు తీసిన పరిస్థితులను విశ్లేషణ చేసినవారు అడిగి తెలుసుకోలేదు, అని.

ఆ వాక్యం అలాగే ఉంటే నాకు డాక్టరేటు వస్తుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తెలిసినవాడు చెప్పడు. అదే నాకు పడనిది. ఎక్కడ నా పేరు మొదట అచ్చయినా, దాని పక్కనే ఆ మనిషి నాకంటే మంచివాడుగా, నోరు మెదపకుండా, నలగని చొక్కాతో నిలబడి ఉంటాడు. తెలివిలో మించినా ఎట్లాగో ఓర్చుకున్నాను. మంచితనంలో కూడా మించిపోవడం నా వల్ల కాలేదు. చాలామంది దీన్ని పశ్చాత్తాపం అంటారేమో. నాకు తెలుసు, అది కూడా కుళ్ళే.

వాక్యం మార్చాను. రికార్డింగులు తీసిన పరిస్థితులన్నీ నమోదై ఉన్నాయి, విశ్లేషణ చేసినవారు అడిగారు, తీసినవారు ఇవ్వలేదు, అని రాశాను. తీసినవారు నేనే అని గైడుకు విడిగా కూడా రాసి, ఇద్దరికీ పంపాను.

గైడు సాయంత్రానికి ఒక్క లైను జవాబు పెట్టారు. పేర్లు అటు ఇటు మార్చండి, గడువు పొడిగించమని అర్జీ పెట్టుకోండి, అని. ఏడాది పొడిగించారు. ఆ ఏడాదిలో ఇంకో పేపరు రాయాలి.

మరుసటిరోజు స్టాఫ్ రూములో అతను నా మెయిల్ గురించి ఏమీ అనలేదు. "ఆ నోటుబుక్కు ఒకసారి ఇస్తారా మేడం? పట్టికలో తేదీలు సరిచూడాల," అన్నాడు అంతే. అడిగిన వెంటనే తీసిచ్చాను. ఇంక దాచడానికి ఏమీ లేదన్న తేలికతో అతని బల్ల దగ్గరికే వెళ్ళి నిలబడ్డాను. అతను నోటుబుక్కు తెరిచి, పెన్ను కోసం సొరుగులో వెతుకుతున్నాడు. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. పేజీలు పటపటమని లేచి, ఒకదాని మీద ఒకటి పడి, చివరికి పోయి ఆగాయి.

నేను చేయి చాపేలోపే అతను చూశాడు. ఒకటి, యూనిట్లు. రెండు, స్పెల్లింగు. ఐదు దగ్గర తల ఎత్తి ఫ్యానును చూశాడు. తొమ్మిది దగ్గర ఆగాడు. 'భలే' అన్న మాట మీద అతని వేలు ఉంది.

అతని వేలు మళ్ళీ పైకి పోయింది. మూడో నంబరును రెండుసార్లు చదివాడు. పేపరు ప్రింటు తీసి, తునకల పొడుగులున్న పేజీ తిప్పి, పక్కన పెట్టి చూశాడు. ముఖం మారింది.

"మూడోది నిజమే మేడం. కొత్తవాటికి గూడా ఇదే తప్పు చేసినాను. పేపరు మళ్ళా మొదట్నుంచి లెక్కేయాల," అన్నాడు. తర్వాత మొట్టమొదటిసారి అతని గొంతు పెరిగింది. "ఇన్ని నెల్ల నుంచి తెలుసు గదా మీకు, ఇదెందుకు చెప్పలేదు నాకు?"

స్టాఫ్ రూములో అందరూ మావైపు తిరిగారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు చేతనవును. ఆ రోజు చేతకాలేదు.

"చెప్తే మీది నాదానికన్నా బాగుంటాది గదా సార్, అందుకు," అన్నాను.